మూడో రౌండ్‌కల్లా కె, ఎస్ కలిసిపోతున్నాయి

ఈ వారం ఉత్తరం ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిది. పేరు, ఊరు, కాలేజీ రాయొద్దన్నారు. నాలుగు పేజీలుంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్‌లో ఎంపీసీ. ఎంసెట్ ర్యాంకుకు ఈసీఈ సీటు వచ్చింది. నాన్నకు ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు. ఇంతవరకూ ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేదు. లెక్కలంటే ఎప్పుడూ భయం లేదట. కానీ క్యాంపస్‌కు వచ్చిన రెండు కంపెనీల పరీక్షల్లోనూ ఒకే చోట పోయింది. ఫ్లోచార్ట్, అంటే ప్రోగ్రాం అడుగులను పెట్టెలు, బాణాలుగా చూపే బొమ్మ ఇచ్చి 'చివరికి ఏది ప్రింట్ అవుతుంది' అని అడిగే ప్రశ్నలు, వాటికి అన్నదమ్ముల్లాంటి సూడోకోడ్ (అవే అడుగులు బొమ్మ బదులు మాటల్లో) ప్రశ్నలు. ఆమె మాటల్లోనే: "బొమ్మ చూడగానే ఏం చేస్తుందో అర్థమవుతుంది. లూప్‌లోకి వెళ్ళాక మూడో రౌండ్‌కల్లా కె ఎంతో, ఎస్ ఎంతో కలిసిపోతాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను. ఈలోగా పైన టైమర్ ఎర్రగా మారుతుంది. ఇక ఏదో ఒకటి నొక్కేస్తాను."

హాస్టల్ గదిలో పక్క మంచం అమ్మాయి సీఎస్‌ఈ. అవే ప్రశ్నలు పెన్ను పట్టుకోకుండా చెప్పేస్తుందట. బెంగళూరులో ఉద్యోగం చేసే పెదనాన్న గారి అబ్బాయి "రాసుకుంటూ కూర్చుంటే స్పీడ్ రాదు, మైండ్‌లో రన్ చెయ్యడం అలవాటు చేసుకో" అన్నాడట. అప్పటి నుంచి రాయడం మానేశారు. రెండో పరీక్ష ఇంట్లో వెబ్‌క్యామ్ ముందు. ఒకసారి కిందికి చూసి కాగితం మీద ఏదో గీసుకోబోతే స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. చేతులు వణికి తర్వాతి ఐదు ప్రశ్నలు చదవను కూడా లేకపోయారు. సంక్రాంతి తర్వాత ఇంకో డ్రైవ్ ఉంది. అమీర్‌పేటలో మూడు నెలల కోచింగ్‌కు ముప్పై వేలు అడుగుతున్నారు. నాన్న అప్పు తెస్తానంటున్నారు. "నా బుర్ర దీనికి పనికిరాదేమో, బ్యాంకు పరీక్షలకు మారిపోవాలా, లేక గేట్ రాయాలా, ముందు నాన్నకు ఏం చెప్పాలి" అన్నది ప్రశ్న. తప్పు పెట్టిన ఒక ప్రశ్నను గుర్తున్నంత వరకు రాసి పంపారు. అది పంపడం మంచిదైంది.

అమ్మా, ముందు ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం. మీ బుర్ర సంగతి అందులోనే తేలిపోతుంది.

మీరు గీసి పంపిన బొమ్మ ఇది. మొదటి పెట్టెలో కె = 1, ఎస్ = 0. దాని కింద డైమండ్, అంటే అవునా కాదా అని అడిగే పెట్టె: ఎస్ > 20 అవునా? అవునైతే కె ప్రింట్ చేసి ఆగిపోవాలి. కాకపోతే ఎస్ = ఎస్ + కె అనే పెట్టె, దాని కింద కె = కె + 2 అనే పెట్టె, అక్కడి నుంచి బాణం మళ్ళీ డైమండ్‌కు. ఆప్షన్లు 7, 9, 11, 13. మీరు 9 పెట్టారు.

రాసి చూద్దాం.

మొదట్లో: ఎస్ 0, కె 1
ఒకటో రౌండ్: ఎస్ 1, కె 3
రెండో రౌండ్: ఎస్ 4, కె 5
మూడో రౌండ్: ఎస్ 9, కె 7
నాలుగో రౌండ్: ఎస్ 16, కె 9
ఐదో రౌండ్: ఎస్ 25, కె 11

25 అంటే 20 దాటింది. కె ప్రింట్ అవుతుంది, జవాబు 11.

మీకు 9 ఎక్కడి నుంచి వచ్చింది? 16కు 9 కలిపారు, 25 వచ్చింది. ఇరవై దాటింది కదా అని అక్కడే ఆగిపోయారు. చేతిలో ఉన్న కె 9, అదే నొక్కారు. కానీ బాణం అక్కడ ఆగమనలేదు. కె = కె + 2 పెట్టె ఇంకా మిగిలే ఉంది. అది దాటాకే డైమండ్. అంటే కూడిక ఒక్కటీ తప్పలేదు, ఐదు రౌండ్లూ సరిగ్గా తిరిగారు, ఆఖరి పెట్టె ఒక్కటి వదిలేశారు. బుర్ర పనికిరానివాళ్ళు ఐదో రౌండ్ దాకా రాలేరు.

ఇంకో ముచ్చట చెబుతాను. ఆ రెండు పెట్టెల వరసను తారుమారుగా గుర్తు పెట్టుకున్నారనుకోండి, ముందు కె పెంచి తర్వాత ఎస్‌కు కలిపారనుకోండి. ఎస్ విలువలు 3, 8, 15, 24 అవుతాయి. 24 దగ్గర ఆగితే కె 9. రెండు వేరువేరు తప్పు దారులు తిన్నగా 9 దగ్గరకే వస్తాయి. ప్రశ్న తయారుచేసినవాళ్ళు 9ని ఊరికే పెట్టలేదు, ఎవరెక్కడ కాలు జారుతారో చూసి అక్కడ గొయ్యి తవ్వారు. 13 ఒక రౌండ్ ఎక్కువ తిరిగేవాళ్ళ కోసం. 7 ఎవరి కోసమో నాకూ తెలియలేదు, నాలుగో ఆప్షన్ ఏదో ఒకటి ఉండాలి కాబట్టి పెట్టి ఉంటారు. మీ జవాబు ఆప్షన్లలో కనిపించిందంటే అది సరైనదని నమ్మకండి. ఈ రకం ప్రశ్నల్లో తప్పు జవాబులే ముందుగా ఆప్షన్లలోకి ఎక్కుతాయి.

ఇక కలిసిపోవడం సంగతి. జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1956లో, మనిషి ఒక్కసారికి దాదాపు ఏడు అంశాలు, అటూ ఇటూగా రెండు, మనసులో పట్టుకోగలడని రాశాడు. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగు దగ్గరకు దించాడు. మీ బొమ్మలో ఏం పట్టుకోవాలో లెక్కపెట్టండి. కె ఇప్పటి విలువ, ఎస్ ఇప్పటి విలువ, ఇప్పుడు ఏ పెట్టెలో ఉన్నాం, డైమండ్‌లో ఏముంది. అప్పుడే నాలుగయ్యాయి. వీటి మీద 'టైమర్ ఎంతయింది', 'పక్కమ్మాయి అయిపోగొట్టిందా' అనేవి కూడా ఎక్కాయి. పైగా విలువలు నిలకడగా ఉండవు. ఫోన్ నంబరైతే అది అదే. కె మాత్రం 5 అయ్యాక కూడా ఇందాకటి 3 నాలుక మీదే ఉంటుంది. మీరు చెప్పిన కలిసిపోవడం అదే. అందరికీ కలుస్తాయి.

మీ నాన్నగారి కొట్టునే తీసుకోండి. ఊళ్ళో ఎవరెవరికి ఎంత బాకీ ఉందో ఆయనకు నోటికి వచ్చే ఉంటుంది. అయినా ఖాతా పుస్తకం రాస్తారా, లేదా? పాత బాకీ 340, ఇవాళ తీసుకున్నది 85, మొత్తం 425 అని కింద కొత్త వరస వేస్తారు. పాత అంకె మీద దిద్దరు. దిద్దితే రేపు తగాదా వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. ఎస్ = ఎస్ + కె అన్నది ఆ వరసే. ఖాతా రాసినందుకు ఆయనకు లెక్కలు రావని ఊళ్ళో ఎవరైనా అన్నారా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్కడా 'రాస్తే తప్పు వస్తోంది' అనలేదు. రాయడం మానేశాక తప్పులు పెరిగాయనే ఉంది. "రూమ్మేట్ చూస్తుందని రఫ్ షీట్ మీద గుణకారాలు మాత్రమే వేస్తాను, మిగతాది మనసులో" అని మూడో పేజీలో ఒక వాక్యం రాశారు. నాకు అసలు సమస్య అక్కడ కనిపించింది. ఫ్లోచార్ట్ అంత కష్టం కాదు, కాగితం వాడటం తక్కువతనం అనుకోవడం కష్టం.

దీనికో పాత కథ ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన అడా లవ్‌లేస్ 1843లో, చార్లెస్ బాబేజ్ ఊహించిన లెక్కల యంత్రం గురించి రాసిన నోట్స్‌లో ఒక పెద్ద పట్టిక ఇచ్చింది. బెర్నూలీ సంఖ్యలు లెక్కకట్టే పద్ధతి అది. ఒక్కో అడుగుకు ఒక్కో వరస, ఒక్కో వేరియబుల్‌కు (మన కె, ఎస్ లాంటి మారే విలువకు) ఒక్కో గడి, ఏ అడుగులో ఏ వేరియబుల్ విలువ మారిందో పక్కనే. మన క్లాసుల్లో డ్రై రన్ అంటామే, అదే. ప్రపంచంలో మొదటి ప్రోగ్రాం అని చాలామంది చెప్పేది ఆ పట్టికనే. అచ్చయిన పట్టికలో నాలుగో అడుగు దగ్గర భాగహారం తలకిందులైంది, పైన ఉండాల్సింది కిందికి వెళ్ళింది. తప్పు ఆమెదో అచ్చు వేసినవాళ్ళదో గానీ, కాగితం మీద వరసగా ఉంది కాబట్టే తర్వాతివాళ్ళు వేలు పెట్టి చూపించగలిగారు. మనసులో జరిగిన తప్పు మీద ఎవరూ వేలు పెట్టలేరు, మీతో సహా.

బ్రిటన్‌లో పదహారేళ్ళ పిల్లలు రాసే జీసీఎస్‌ఈ కంప్యూటర్ సైన్స్ పరీక్షలో 'ట్రేస్ టేబుల్ నింపండి' అనే ప్రశ్నే ఉంటుంది, నింపిన గడులకు మార్కులిస్తారు. మన దగ్గర మార్కు చివరి జవాబుకే. దాంతో మధ్యలో పట్టిక అనేది ఒకటి ఉంటుందనే మన పిల్లలు మరిచిపోయారు. లెక్చరర్ బోర్డు మీద ఒకసారి డ్రై రన్ చేసి చూపిస్తారు, ఆ తర్వాత 'ఇక మీరే చేసుకోవాలి' అంటారు. చేసుకోవడం అంటే మనసులో అని అందరూ అనుకుంటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏది పట్టాలో మీరే చూసుకోండి, దేనితో ఏం వస్తుందో నేను చెబుతాను.

మొదటి దారి, ప్రతి ప్రశ్నకూ పట్టిక. ఒక్కో వేరియబుల్‌కు ఒక నిలువు గడి, డైమండ్‌కు ఒకటి, ప్రింట్‌కు ఒకటి. వేలు బాణం మీద పెట్టి పెట్టె పెట్టెకూ కదలాలి. పెట్టె దాటితేనే రాయాలి, మారిన ఒక్క విలువే రాయాలి. కొట్టివేతలు వద్దు, కింద కొత్త వరస. డైమండ్ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ 'కాదు', 'కాదు', 'అవును' అని రాయండి. అనవసరం అనిపిస్తుంది, కానీ మిమ్మల్ని 9 దగ్గర ఆపేది ఆ గడే. డైమండ్ దగ్గర మాత్రమే ఆగే హక్కు ఉందని అది గుర్తు చేస్తూ ఉంటుంది. దీనికి మూల్యం ఉంది. మొదటి పదిహేను రోజులు మీరు ఇప్పటికంటే నెమ్మదిస్తారు. ఒక్కో ప్రశ్నకు మూడు నాలుగు నిమిషాలు పట్టొచ్చు, మాక్ టెస్ట్‌లో స్కోరు ఇంకా తగ్గొచ్చు. అప్పుడు మీ అన్నయ్య మాటే నిజమనిపిస్తుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ పదిహేను రోజులు మాక్ టెస్ట్ రాయకపోతే ఆ బాధ తప్పుతుంది. టైమర్ లేకుండా రోజుకు మూడు లెక్కలు, అంతే. ఆ తర్వాత చెయ్యి దానంతటదే కుదించుకుంటుంది. గడులు గీయకుండా రెండు నిలువు వరసల్లో అంకెలు మాత్రమే వేస్తారు.

రెండో దారి, నమూనా పట్టుకోవడం. పైన ఎస్ విలువలు మళ్ళీ చూడండి: 0, 1, 4, 9, 16, 25. బేసి సంఖ్యల మొత్తం వర్గమవుతుందని స్కూల్లో చదివే ఉంటారు. ఇది కనిపించాక డైమండ్‌లో 20 బదులు 1000 పెట్టినా బెదరక్కర్లేదు. 31 వర్గం 961, దాటలేదు. 32 వర్గం 1024, దాటింది. అంటే ముప్ఫై రెండు రౌండ్లు, అప్పటికి కె అంటే 32 రెట్టింపుకు ఒకటి కలిపి 65. అర నిమిషం పని. మీ రూమ్మేట్ చేసేది ఇదే అయ్యుండొచ్చని నా అనుమానం. ఆమె మనసులో ముప్ఫై రెండు రౌండ్లు తిరగడం లేదు, ఇలాంటి బొమ్మ ఇదివరకు చూసింది కాబట్టి గుర్తుపడుతోంది. రెండు సంఖ్యల్లో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తూ, రెండూ సమానమయ్యేదాకా తిరిగే ఫ్లోచార్ట్ ఒకటి తరచూ వస్తుంది. 48, 18తో మొదలైతే 30, 18. తర్వాత 12, 18. తర్వాత 12, 6. చివరికి 6, 6. ఇది ఏంటో మీకు ఆమెకంటే ముందు తెలుసు. పదో తరగతి లెక్కల పుస్తకం మొదటి అధ్యాయంలో యూక్లిడ్ పేరుతో చేసిన గ.సా.భా. ఇదే. ఇంగ్లిష్ పేరుతో, డైమండ్ వేషంలో వచ్చేసరికి మీరు పోల్చుకోలేదు. తెలుగు మీడియంలో చదివిన లెక్క తెలుగులోనే ఉండిపోదు, కొంచెం తట్టి లేపాలి.

ఈ దారిలో ప్రమాదమూ ఉంది. గుర్తుపట్టామన్న ధీమాలో ఒక పెట్టె మార్చిన సంగతి కనపడదు. > గుర్తు స్థానంలో ≥ పెట్టి చూడండి. పై బొమ్మలోనే డైమండ్‌లో 'ఎస్ ≥ 25' అని ఉంటే జవాబు 11. 'ఎస్ > 25' అని ఉంటే 25 దగ్గర ఆగదు, ఇంకో రౌండ్ తిరిగి ఎస్ 36, కె 13 అవుతుంది. ఒక్క గీతకు జవాబు మారిపోయింది. కుతూహలం కొద్దీ మీ రూమ్మేట్‌కు తెలిసిన ఫ్లోచార్ట్‌లోనే రెండు పెట్టెలు తారుమారు చేసి ఇచ్చి చూడండి. ఓడించడానికి కాదు, ఆమె ఎక్కడ ఆగి ఆలోచిస్తుందో చూడటానికి. బహుశా ఆమె కూడా పెన్ను అడుగుతుంది.

మూడోది ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం. కె 1తో మొదలై రెండేసి పెరుగుతోంది, కాబట్టి ఎప్పుడూ బేసే. ఆప్షన్లలో సరి సంఖ్య ఉంటే కొట్టేయొచ్చు. మీ ప్రశ్నలో నాలుగూ బేసి సంఖ్యలే, తలుపు ముందే మూసేశారు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో అంకె టైపు చెయ్యమనే ప్రశ్నలకు అసలు ఆప్షన్లే ఉండవు. ఎప్పుడైనా పనికొచ్చే చిట్కా ఇది, దీన్నే నమ్ముకుంటే లాభం లేదు.

నాలుగోది వదిలేయడం. ఇదీ ఒక దారే, చిన్నచూపు చూడకండి. అయితే ఎక్కడ వదలాలో పరీక్షను బట్టి మారుతుంది. గేట్‌లో ఆప్షన్ ఎంచుకునే ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్న తప్పితే మూడింట రెండు వంతుల మార్కు పోతుంది. అంకె టైపు చేసేదానికీ, ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండగల ప్రశ్నకూ తప్పితే ఏమీ పోదు. అలాంటివి ఖాళీగా వదిలి రాకూడదు. కంపెనీ పరీక్షల్లో కొన్నింటిలో నెగెటివ్ ఉండదు, కొన్నింటిలో ముందు ప్రశ్నకు వెనక్కి వెళ్ళే వీలుండదు. సూచనల పేజీ చదవకుండా 'నెక్స్ట్' నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ పేజీకి రెండు నిమిషాలు ఇవ్వండి.

ఇంకో రెండు చిన్న గుంతలున్నాయి. ఎ = బి, తర్వాత బి = ఎ అని రెండు పెట్టెలు కనిపిస్తే అవి ఒకదానికొకటి మారిపోయాయనుకుంటాం. ఎ 5, బి 8 అయితే మొదటి పెట్టెతోనే 5 పోయింది, చివరికి రెండూ 8. మధ్యలో మూడో వేరియబుల్ ఉంటేనే మార్పిడి జరుగుతుంది. అలాగే ఇంటిజర్ అని ప్రకటించిన చోట 7ను 2తో భాగిస్తే 3 మాత్రమే, మూడున్నర కాదు. పట్టికలో రాసేటప్పుడు వీటి దగ్గర చెయ్యి తనంతట తనే ఆగుతుంది.

వెబ్‌క్యామ్ సంగతి. కళ్ళు స్క్రీన్ దాటితే హెచ్చరించే సాఫ్ట్‌వేర్ చాలా పరీక్షల్లో వాడుతున్నారు, మీ ఒక్కరికే రాలేదు. హెచ్చరిక వచ్చినంత మాత్రాన పరీక్ష రద్దు కాదు, చాలాచోట్ల అది తర్వాత చూడటానికి గుర్తు పెట్టుకోవడమే. రఫ్ షీట్ అనుమతిస్తారో లేదో మెయిల్లో ఉంటుంది. లేకపోతే పరీక్షకు ముందే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అనుమతిస్తే తెల్ల కాగితాలు ముందే కెమెరాకు రెండు వైపులా చూపించి, కీబోర్డు పక్కన కాకుండా స్క్రీన్‌కు దగ్గరగా, కొంచెం ఎత్తున అట్ట మీద పెట్టుకోండి. తల వాల్చక్కర్లేదు. అనుమతి లేదంటే మాత్రం దొంగచాటుగా గీయకండి. రెండు మూడు రౌండ్లలో తేలే ప్రశ్నలు చేసి పొడుగు లూప్‌లు వదిలేయడమే అక్కడ తెలివి. గేట్ సెంటర్లో ఈ బాధ లేదు, రాసుకోవడానికి ప్యాడ్ వాళ్ళే ఇస్తారు, కాలిక్యులేటర్ స్క్రీన్ మీదే ఉంటుంది.

గేట్ అన్నారు కాబట్టి ఒక విషయం. మీరు ఈసీఈ. ఈసీ పేపర్ సిలబస్‌లో సి ప్రోగ్రామింగ్ విభాగం లేదు, నెట్‌వర్క్స్, సిగ్నల్స్, అనలాగ్, డిజిటల్ వగైరా. సీఎస్ పేపర్లో సి ప్రోగ్రామింగ్, రికర్షన్ ఉన్నాయి, డ్రై రన్ తప్పించుకోలేరు. అరవై ఐదు ప్రశ్నలు, మూడు గంటలు, వంద మార్కులు. ఎంటెక్ చేయాలన్న కోరిక నిజంగా ఉంటే గేట్ రాయండి. ప్లేస్‌మెంట్ పరీక్షకు భయపడి గేట్ వైపు వెళ్తే ఒక ఏడాది పోతుంది, భయం మాత్రం అక్కడే ఉంటుంది.

బ్యాంకు పరీక్షలంటారా, ప్రొబేషనరీ ఆఫీసర్ల రీజనింగ్‌లో ఇన్‌పుట్-అవుట్‌పుట్ అని ఒక రకం ప్రశ్న ఉంది. ఒక యంత్రానికి కొన్ని మాటలు, అంకెలు ఇస్తే అది అడుగడుగునా వాటిని అటూ ఇటూ మారుస్తుంది, నాలుగో అడుగులో ఎడమ నుంచి మూడోది ఏది అని అడుగుతారు. మీరు పారిపోవాలనుకున్నదే చీర మార్చుకుని అక్కడ కూర్చుంది. బ్యాంకు ఉద్యోగం ఇష్టమైతే వెళ్ళండి, మంచి ఉద్యోగమే. దీనికి భయపడి మాత్రం వెళ్ళకండి.

కోచింగ్ విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఈ ఒక్క రకం ప్రశ్న కోసం ముప్పై వేలు, అదీ అప్పు, నాకు నచ్చలేదు. కానీ ఒంటరిగా చదివితే వారం తిరక్కుండా మానేసే స్వభావం మీదైతే, పదిమందితో కూర్చోవడానికి కూడా ఒక విలువ ఉంది. వెళ్ళాలనుకుంటే డబ్బు కట్టకముందు ఒక డెమో క్లాసులో కూర్చోండి. మాస్టారు బోర్డు మీద పట్టిక గీసి, ప్రతి డైమండ్ దగ్గరా ఆగి, 'ఇప్పుడు కె ఎంత' అని అడిగితే ఆలోచించండి. 'షార్ట్‌కట్ ఇది, రాసుకోండి' అని మొదలుపెడితే చెప్పులేసుకుని వచ్చేయండి. గేట్ పాత పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి, వాటిలో సి ప్రశ్నలు ఏరుకుంటే డ్రైవ్ దాకా సరిపోతాయి.

మీ అన్నయ్యను ఒక మాట అడగండి: "ఆఫీసులో బగ్ వస్తే మైండ్‌లో రన్ చేస్తావా, డీబగ్గర్ పెడతావా?" ప్రోగ్రాంను మధ్యలో ఆపే బ్రేక్‌పాయింట్ పెట్టి, పక్కన వాచ్ విండోలో ఒక్కో వేరియబుల్ విలువ చూసుకుంటూ అడుగడుగునా కదులుతాడు. మీరు కాగితం మీద గీసే పట్టికే అది, కాకపోతే కంపెనీ కొనిచ్చింది. పాపం ఆయన మీ మంచికే చెప్పాడు. తను నేర్చుకున్న రోజుల్లో ఎన్ని కాగితాలు పాడుచేశాడో మరిచిపోయి ఉంటాడు.

నాన్నగారికి ఏం చెప్పాలని అడిగారు. రెండు పరీక్షలు పోయాయని చెప్పండి, ఎందుకు పోయాయో కూడా చెప్పండి. పైన రాసిన ఆరు వరసలు ఒక కాగితం మీద వేసి, 'ఎస్ అంటే మొత్తం బాకీ, కె అంటే ఈసారి తీసుకున్న సరుకు' అని చూపించండి. మీ లెక్చరర్ కంటే ఆయన ముందు పట్టుకుంటారు. అప్పు అవసరం లేదన్న మాట ఆ తర్వాత చెప్పడం తేలిక. సంక్రాంతి తర్వాత డ్రైవ్‌లో వస్తుందని మాత్రం మాట ఇవ్వకండి. ఆ పరీక్షలో ఇంకా చాలా సెక్షన్లున్నాయి, కటాఫ్ మీ చేతిలో లేదు.

ఈ రాత్రికి ఒక లెక్క. ఎన్ = 7, సి = 0. డైమండ్: ఎన్ = 1 అవునా? అవునైతే సి ప్రింట్ చేసి ఆగాలి. కాకపోతే ఇంకో డైమండ్: ఎన్ సరి సంఖ్యా? సరి అయితే ఎన్‌ను సగం చెయ్యాలి, బేసి అయితే మూడు రెట్లు చేసి ఒకటి కలపాలి. ఏ వైపు వెళ్ళినా తర్వాత సి = సి + 1, మళ్ళీ మొదటి డైమండ్‌కు. ఏ ధన పూర్ణ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి 1కి చేరుతుందని కొలాట్జ్ అనే జర్మన్ గణితజ్ఞుడి పేరు మీద ఒక ఊహ ఉంది. దాన్ని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చెయ్యలేదు. ఎన్ని అడుగులు పడతాయో ముందే చెప్పే సూత్రం కూడా లేదు, పెద్ద పెద్ద గణితజ్ఞులైనా వరస తర్వాత వరస రాసుకోవాల్సిందే. రూమ్మేట్ మెలకువగా ఉండగానే, ఆమెకు కనపడేలా, పెద్ద కాగితం తీసుకుని చెయ్యండి. మధ్యలో 52 దాకా ఎక్కుతుంది, కంగారు పడకండి. చివరికి 16 ప్రింట్ కావాలి. 17 వచ్చిందంటే మొదటి వరసను కూడా అడుగుగా లెక్కపెట్టారన్న మాట. 15 వస్తే ఆఖరి సి = సి + 1 పెట్టె మళ్ళీ వదిలేశారు.